పేరు చెప్పలేదు

సాక్షి రాలేదు. కోర్టులో మూడుసార్లు పిలిచినా రాలేదు. పిలిచిన ప్రతిసారీ కౌండిన్య తలుపు వైపు చూశాడు.

అతను లా మూడో సంవత్సరం. ఎండాకాలం సెలవుల్లో పని నేర్చుకుందామని కాకినాడలో అచ్యుతాంబగారి ఆఫీసులో చేరాడు. ఆవిడ నలభై ఏళ్లుగా కూలీల తరఫునే నిలబడ్డ లాయరు. ఈ కేసు మరియమ్మది. రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఒంటి మీద చెయ్యి వేశాడని ఫిర్యాదు చేస్తే, మరియమ్మనే పనిలోంచి తీసేశారు. చూసిన మనిషి ఒక్కర్తే, మరియమ్మ పక్కన పనిచేసే దీన. ఆమె ఇంకా అక్కడే పనిచేస్తోంది. అందుకే సాక్ష్యం చెప్పే రోజు దాకా ఆ సంగతి ఆఫీసు గడప దాటకూడదని అచ్యుతాంబ మరీమరీ చెప్పింది.

ఇప్పుడు కోర్టు మెట్లు దిగుతూ ఆవిడ కౌండిన్యని అడిగింది. "ఎవరికి చెప్పావు?"

"మా క్లాస్‌మేట్‌కి మేడమ్. క్యాంటీన్‌లో టిఫిన్ చేస్తూ. వాడు ఫ్యాక్టరీ వాళ్ల లాయరు దగ్గర చేరాడు. మీ కేసులో ఏముందిరా, తేలిపోతారు అని ఎగతాళి చేస్తుంటే..."

"చేస్తుంటే?"

"చూసినావిడ ఉందన్నాను. పేరు చెప్పలేదు మేడమ్! మరియమ్మ పక్కన నిలబడి రొయ్యలు ఒలిచేదట అన్నాను, అంతే."

అచ్యుతాంబ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కోర్టు నుంచి దీన ఇంటికి పరుగెత్తిన మరియమ్మ, మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చి బెంచీ మీద కూలబడింది.

"నిన్న దాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేశారంటమ్మా. ఇంక పనిలోకి రావద్దన్నారంట. ఈళ్లకెలా తెలిసిందో ఏంటో!"

అచ్యుతాంబ లేచి, కౌండిన్యకి తన కుర్చీ చూపించింది. "కూర్చో."

"మేడమ్..."

"కూర్చోవయ్యా."

అతను కూర్చున్నాడు. ఆవిడ ఫైలు పట్టుకుని కుర్చీ పక్కన, రోజూ అతను నిలబడే చోట నిలబడింది.

"ఎలా తెలిసిందో ఈ బాబు చెప్తాడు మరియమ్మా."

ఎంత పెద్ద తీర్పునైనా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పే కుర్రాడు. నాలుగు తెలుగు మాటలకి తడుముకున్నాడు. పేరు చెప్పలేదు అన్న మాట నోటిదాకా వచ్చింది గానీ, ఎదురుగా ఉన్న ముఖం చూసి మింగేశాడు. మిగతాదంతా చెప్పాడు.

మరియమ్మ అతని వైపు తిరిగింది.

"నేనే వాగేశాననుకుంటంది బాబూ అది. నా మొహం మీదే తలుపేసేసింది."

కొంగు సర్దుకుని లేచింది. "ఎల్లొస్తానమ్మా" అని అచ్యుతాంబకి చెప్పింది. అతనికి చెప్పలేదు.

కౌండిన్య కళ్లు తుడుచుకున్నాడు. "నేను ఈ పనికి తగను మేడమ్. రేపట్నుంచి మానేస్తాను."

ఆవిడ ఫైలు అతని ముందు పెట్టింది.

"దీనని వాళ్లు మానిపించారు. నువ్వు నీ అంతట నువ్వే మానేస్తున్నావు" అంది. "అదృష్టవంతుడివి."

అతను కుర్చీలోంచి లేవలేకపోయాడు.