తొండం అరిగిన ఏనుగు

ఇత్తడి ఉంగరాన్ని బంగారమనుకుని పదేళ్లు పెట్టుకు తిరిగినవాణ్ణి. అసలు, నకిలీల కథ చెప్పడానికి నాకంటే తగినవాడెవడు?

పూర్వం ఒక రాజ్యంలో, కోటను కాపాడిన బంట్ల రొమ్మున ఏనుగు బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళలు గుచ్చారు. తర్వాత నకిలీలు పుట్టాయి. రాజుగారి ఎదుట వాటిని ఏరి, కొలిమిలో వేయించే పని దివానుకు పడింది. తండ్రి సంపాదించిందంటూ ఆయన రొమ్మునా ఒకటి తళతళలాడుతోంది.

చనిపోయిన బంటు భార్య గవరమ్మ, మొగుడి గుర్తుగా మిగిలిన బిళ్ళ తెచ్చింది.

"ఏనుగుకు తొండమే లేదు. ఇది నకిలీ, కొలిమిలో వెయ్యండి," అన్నాడు దివాను.

"తమరింట్లో బిళ్ళ తోమేవారా బాబూ?" అంది గవరమ్మ.

"తోమకేం? మా అమ్మ ప్రతి దసరాకూ చింతపండు పెట్టి తోమేది."

"నేనూ అంతే బాబూ. ఆయనున్నప్పుడూ, పోయాకా, నలభై దసరాలు తోమాను. తొండం అందులోనే అరిగిపోయింది. తమరి ఏనుగుకు కనురెప్పలు కూడా చెక్కుచెదరలేదు. అది ఏ ఊరి చింతపండో చెబితే నేనూ కొనుక్కుంటాను."

రాజుగారు నవ్వారు. దివాను బిళ్ళ కొలిమిలోకి వెళ్లింది.

ఆ దసరాకు గవరమ్మ తన బిళ్ళను తోమలేదు, పొడిగుడ్డతో తుడిచింది. మొగుణ్ణి తలుచుకోవడానికి ఆ ఏనుగుకు కాళ్లైనా మిగలాలి కదా.