తాయారమ్మ ఎక్కిన మూడు విమానాలు

అనగనగనగా, విమానం నెత్తిమీదుగా పోవడమే గానీ ఏనాడూ దిగని ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దావిడ తాయారమ్మ, చిన్నావిడ హైమావతి.

వాళ్ళ ఆడపడుచు కాపురం ఎక్కడో గౌహతిలో. ఆవిడ కోడలి సీమంతానికి హైమావతి హైదరాబాదు నుంచి విమానంలో వెళ్ళొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ అవే కబుర్లు. దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లట, మూడు గంటలైనా పట్టలేదట, రైల్లో అయితే నడుం విరిగేదట. అవి వింటుంటే తాయారమ్మకి అన్నం సయించేది కాదు. ఈ కథ చెప్తున్న నాకు బస్సెక్కితేనే కళ్ళు తిరుగుతాయి, విమానం ఎక్కనివాళ్ళ ఆ కుళ్ళు నాకూ కాస్త తెలుసు నాన్నా.

అప్పుడు గౌహతిలో పాప పుట్టింది. బారసాల దీపాలవేళకి పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఏ పిల్ల పుట్టినా మొదటిసారి ఉయ్యాలలో వేసేది ఆడపడుచు పుట్టింటి పెద్దకోడలే, అంటే తాయారమ్మే. అది వాళ్ళ ఆనవాయితీ. హైమావతికి లేనిదీ తనకి ఉన్నదీ ఆ ఒక్కటే అని తాయారమ్మ లెక్క.

"అక్కా, ఇద్దరం ఒకే విమానంలో పోదాం," అంది హైమావతి.

తాయారమ్మ ఒక్కతే టికెట్లు ఇచ్చే ఆయన దగ్గరికి వెళ్ళింది. "మా తోడికోడలు మూడు గంటలే ఎగిరింది. నాకు అంతకన్నా ఎక్కువసేపు ఎగిరేది ఇవ్వు నాయనా," అంది.

ఎలా వెళ్ళినా అదే ఊరమ్మా, తిన్నగా వెళ్తే తొందరగా చేరతారు అని ఆయన నచ్చజెప్పాడు. అంత తొందరగా దింపేస్తే ఇంక గొప్పేముంది అంది ఈవిడ. ఆయన నవ్వాపుకుని మూడు విమానాలు మారే టికెట్ చేతిలో పెట్టాడు.

బారసాల రోజు పొద్దున్నే మొదటి విమానం హైదరాబాదు నుంచి బెంగుళూరు బయల్దేరింది. గౌహతి ఒక పక్క ఉంటే ఇది ఇంకో పక్కకి పోయింది. పోనీలే, ఎక్కువసేపేగా అని తాయారమ్మ మురిసిపోయింది.

ఆ తర్వాత కలకత్తాకి రెండోది. నడిమి సీటు దొరికింది. హైమకి కిటికీ పక్కనే దొరికుంటుందని దారంతా కుళ్ళుకుంది.

ఆ తర్వాత మూడోది. ఎక్కి కూర్చోగానే కుండపోతగా వాన. విమానం కదల్లేదు. పొద్దు వాలిపోతోంది. అప్పుడు తట్టింది తాయారమ్మకి. తను లేకపోతే పాపని ఉయ్యాలలో వేసేది ఎవరు? హైమే. దిగి నడిచి పోదామా అనిపించింది.

వాన తెరిపిచ్చి, విమానం ఎగిరి, గౌహతిలో ఇంటికి చేరేసరికి వాకిట్లో చెప్పులు పల్చబడ్డాయి. లోపల ఉయ్యాల ఖాళీగా ఉంది. హైమావతి పీట మీద కూర్చుని, పాపని ఒళ్ళో పెట్టుకుని ఉంది. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు విసుక్కున్నారట. ఆడపడుచు బతిమాలిందట. హైమావతి మాత్రం పాపని వదల్లేదట.

"నువ్వుండగా నేనెలా వేస్తానక్కా? కాళ్ళు తిమ్మిరెక్కి చస్తున్నాను, ముందు పాపని అందుకో."

తాయారమ్మ పాపని ఉయ్యాలలో వేసింది. లాలి పాడబోయి కొంగుతో కళ్ళొత్తుకుంది. సంతోషం కాబోలు అనుకున్నారు చూసినవాళ్ళు. సంతోషమా? ఇంత మంచితనం నాకు కాకుండా దీనికే ఎందుకొచ్చిందీ అని కొత్త కుళ్ళు.

మంచితనంలో కూడా చిన్నదానికి తీసిపోతానా అనుకుని, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రెండో చేత్తో హైమావతి కాళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది.

కథేమో కంచికి,
విమానం మబ్బుల్లోకి,
మనమేమో దుప్పట్లోకి,
నీ కళ్ళేమో నిద్దట్లోకి.