జమ్ము కోత ఆపిన నూకాలు

అనగనగా, నీళ్ళకీ నేలకీ ఇంకా వాటాలు తేలని కాలంలో, నీలవేణి అనే నది ఒడ్డున కలువపట్నం అనే రాజ్యం ఉండేది. మీలో కుదురుగా కూర్చోలేని వాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త ముందుకు జరగండి. ఈ కథ మీదే.

ఆ నది పక్కన పెద్ద చిత్తడి నేల. అందులో మనిషెత్తు జమ్ము. ఊళ్ళో ఇళ్ళ కప్పులకూ, పడుకునే చాపలకూ, పెళ్ళి పందిళ్ళకూ ఆ జమ్మే ఆధారం. సంక్రాంతి వెళ్ళగానే ఆ జమ్ములోకి నారాయణ పక్షులు గుంపులుగా దిగేవి. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, బూడిద రంగు రెక్కలు. జమ్ము కాడలు వంచి గూళ్ళు కట్టుకుని, అక్కడే పిల్లల్ని పెంచుకునేవి.

అందుకని ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉండేది. చివరి పిల్ల ఎగిరేదాకా జమ్ము మీద కొడవలి పడకూడదు. ఎగిరిందో లేదో చూసి చెప్పడానికి ఏటా ఒక మనిషిని నియమించేవారు. ఆ మనిషిని చూపరి అనేవారు. చూపరి చెప్పిందే చివరి మాట, రాజుకైనా సరే.

మరి చూపరిగా ఎవరిని పెట్టేవారు? ఓపిక ఉన్నవాళ్ళని అనుకుంటున్నారు కదూ? కాదు. ఆ ఏడు జమ్ము ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ళని పెట్టేవారు. ఇదేం విడ్డూరం అనకండి. పెద్దలు ఆలోచించే పెట్టారు. అవసరం లేనివాడు "ఆగండి" అంటే జనం "నీకేం పోయింది" అంటారు. అందరికంటే తొందర ఉన్న మనిషే "ఆగండి" అంటే ఇంకెవరు నోరెత్తగలరు?

ఆ ఏడు శివరాత్రి వెళ్ళీ వెళ్ళగానే సుడిగాలి వచ్చి నూకాలు ఇంటి కప్పు ఎత్తుకుపోయింది. నూకాలు మొగుడు పడవలో సరుకు వేసుకుని సముద్రం దాకా వెళ్ళాడు. వానాకాలం ముందు రాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నూకాలు పాత దోనెను పెరట్లో బోర్లించి, దాని కింద పిల్లల్ని పడుకోబెట్టేది. ఆకాశంలో చిన్న మబ్బు కనిపించినా దోనె దగ్గరికి పరుగెత్తేది.

ఇంకేం, చూపరి నూకాలే అన్నారు. ఊరంతా నవ్వింది కూడా. ఎందుకంటే నూకాలు కాలు కాలిన పిల్లి. పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు వీధి చివరిదాకా వెళ్ళొచ్చే రకం. ఆమె నిలబడి ఉండగా చూసినవాళ్ళే తక్కువ, కూర్చుని ఉండగా చూసినవాళ్ళు అసలు లేరు.

జమ్ము మధ్యలో చూపరి కోసం ఒక మాటు గుడిసె ఉంది. అందులో దాక్కుని, సందులోంచి పక్షుల్ని చూడాలి. నూకాలు మొదటిరోజు అందులో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది, పక్కకి జరిగింది. దగ్గర్లో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకున్న ఒక తీతువు పిట్ట ఆమె కదిలినప్పుడల్లా గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకి చిత్తడిలో ఉన్న పక్షులన్నీ లేచిపోయాయి.

"అబ్బబ్బ, కాసేపు కదలకుండా ఉండలేవా తల్లీ?" అంది తీతువు.

"నీకేం, నీ గుడ్లు నీ కిందే ఉన్నాయి. నా పిల్లలు అక్కడ దోనె కింద ఉన్నారు" అంది నూకాలు.

"నాకు మాత్రం కూర్చోవాలని ఉంటుందా? నా కాళ్ళు చూడు, పరిగెత్తడానికే పుట్టాయి. అయినా కూర్చున్నాను. వేరే దారేముంది?"

నూకాలు చుట్టూ చూసింది. నేల మీద ఎండి రాలిన జమ్ము పోచలు కనిపిస్తే తీసుకుని తాడు పేనడం మొదలుపెట్టింది. చేతులు ఆడుతుంటే కాళ్ళు ఊరుకున్నాయి. తీతువూ ఊరుకుంది. కాసేపటికి పక్షులు ఒక్కొక్కటిగా దిగాయి.

అలా రోజులు గడిచాయి. తాడు చుట్టలు పెరిగాయి. పిల్లలకు రెక్కలొచ్చి ఒక్కో గూడూ ఖాళీ అయింది. చైత్రం చివరికి చిత్తడి అంతటికీ ఒకే గూడు మిగిలింది. అందులో ఒకే ఒక్క పిల్ల, ఇంకా నూగు రాలనిది.

"ఇదేం ఖర్మ! ఇది ఇంత ఆలస్యమేం?" అని నూకాలు తల పట్టుకుంది.

"ఆలస్యం కాదు మరి? సుడిగాలికి దీని తల్లి గూడు గుడ్లతో సహా నీళ్ళపాలైంది. పాపం, మళ్ళీ కట్టుకుని మళ్ళీ పెట్టింది" అంది తీతువు.

నూకాలు ఆ తల్లి పక్షి వైపు చాలాసేపు చూసింది. తన కప్పును ఎత్తుకుపోయిన గాలే దాని గూటినీ ఎత్తుకుపోయింది. ఆమెకు కోపం పోయింది గానీ భయం పోలేదు. పడమట మబ్బులు కడుతూనే ఉన్నాయి.

మర్నాడు చాపల వర్తకుడు కోటప్ప వచ్చాడు. జమ్ము లేక అతని మగ్గాలన్నీ పడుకున్నాయి.

"నూకాలమ్మా, ఒక్క గూటి కోసం ఊరంతా ఆగాలా? ఎగిరిపోయాయని ఒక్క మాట అను. రేపు పొద్దుగూకే లోపల నీ ఇంటి మీద తాటాకు కప్పిస్తాను. నా మనుషులే వచ్చి కడతారు."

తాటాకు కప్పు! నూకాలు కళ్ళ ముందు పిల్లలు పొడి నేల మీద పడుకుని కనిపించారు. నోట్లో మాట తిరిగింది. కానీ సందులోంచి చూస్తే పిల్ల గూటి అంచున నిలబడి, రెక్కలు టపటపా కొట్టుకుని, వెనక్కి పడింది.

"ఎగరలేదు కోటప్పన్నా" అంది. కోటప్ప గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఒక నక్క వచ్చింది. మాటు గుడిసె పక్కన మర్యాదగా కూర్చుంది.

"అక్కా, నువ్వు అబద్ధం ఆడవని విన్నాను. చాలా మంచి గుణం. అయితే నీతో అబద్ధం ఆడించడమెందుకు? నువ్వు ఊరికే ఇంటికెళ్ళి పిల్లల్ని చూసుకో. ఆ గూటి సంగతి నేను చూసుకుంటాను. పొద్దున్నే వచ్చి చూస్తే గూడు ఖాళీ. గూడు ఖాళీగా ఉందని చెప్పడం నిజమే కదా?"

ఇది కోటప్ప మాట కంటే చెడ్డ మాట, పిల్లలూ. కోటప్ప అబద్ధమాడమన్నాడు. నక్క నిజంతోనే మోసం చేయమంది. నూకాలు లేచి నిలబడింది. ఒక్క క్షణం, ఉన్నమాట చెప్పాలి కదా, ఆమె ఇంటి దారి వైపు చూసింది. పిల్లలు గుర్తొచ్చి కాళ్ళు అటే లాగాయి.

ఇంతలో ఆమె లేవడం చూసి తీతువు అరిచింది. ఆ అరుపుకి తల్లి పక్షి మెడ నిక్కించి, పిల్లకు అడ్డంగా నిలబడింది. దాన్ని చూడగానే నూకాలుకు ఒళ్ళు మండింది. నక్క మీద మండిందో, తన మీద తనకే మండిందో చెప్పలేను. మట్టిబెడ్డ తీసి విసిరింది. నక్క కుయ్యోమంటూ తోక ముడిచింది.

మూడోసారి రాజే వచ్చాడు.

రాజు పేరు కుముదసేనుడు. కుదురు లేకపోవడంలో నూకాలుకు ఏమీ తీసిపోడు. సింహాసనం మీద కూర్చుని కాలు ఆడిస్తూనే ఉంటాడు. ఆపైన కూతురి పెళ్ళి ముహూర్తం ముంచుకొస్తోంది. పందిరికి జమ్ము లేదు. "ఆ పక్షులేవో నేనే చూస్తాను" అని పల్లకీ ఎక్కి, డప్పులతో, బూరలతో, మంత్రితో, సగం ఊరితో చిత్తడికి బయలుదేరాడు.

వాళ్ళు గట్టు ఎక్కగానే తీతువు అరిచింది. నారాయణ పక్షి లేచిపోయింది. కొంగలు, నీటికాకులు, జంబుకోళ్ళు, అన్నీ లేచిపోయాయి. చిత్తడి బోసిపోయింది. గూట్లో పిల్ల బెదిరి, జమ్ము కాడల మధ్య అణిగిపోయింది.

రాజు పల్లకీలోంచి తొంగిచూశాడు. "ఏవీ పక్షులు? ఒక్క ఈక లేదు! ఏమమ్మా చూపరీ, అన్నీ వెళ్ళిపోతే ఇంకా ఎందుకు ఆపుతున్నావు?"

"అవును, అవును" అంది సగం ఊరు. అప్పుడే కొడవళ్ళు పైకి లేచాయి.

నూకాలు చేతులు జోడించింది. "ప్రభూ, పక్షులు వెళ్ళిపోలేదు. తమరు వచ్చారు."

రాజు కాలు ఆడించడం ఆపాడు.

"కట్టుబాటు సరే, ముందు ఉన్నాయని చూపించు. చూపించలేకపోతే ఈ పూటే కోత."

"చూపిస్తాను ప్రభూ. తమరు నాతో మాటు గుడిసెలోకి రావాలి. తమ తలపాగా మంత్రిగారికి పెట్టి, పల్లకీలో కూర్చోబెట్టి, డప్పులు కొట్టుకుంటూ అందర్నీ వెనక్కి పంపాలి. పక్షికి వచ్చినవాళ్ళు తెలుస్తారు, వెళ్ళినవాళ్ళు తెలుస్తారు. మిగిలినవాళ్ళు తెలియరు."

మంత్రి తలపాగా పెట్టుకున్నాడు. అది కళ్ళ మీదికి జారింది. పల్లకీ గట్టు దిగింది, డప్పుల మోత దూరమైంది. గుడిసెలో బురద మీద రాజూ, నూకాలూ మిగిలారు.

రాజు కాసేపు కూర్చున్నాడు. దోమ కుట్టింది. కాలు తిమ్మిరెక్కింది. కాలు ఆడించబోతే బయట తీతువు "ఎవరక్కడ?" అన్నట్టు గొంతు సవరించుకుంది. నూకాలు గబుక్కున రెండు ఎండు పోచలు రాజు చేతిలో పెట్టింది.

"చేతికి పని పెట్టండి ప్రభూ, కాలు ఊరుకుంటుంది" అంది గుసగుసగా.

రాజు జీవితంలో తాడు పేనలేదు. ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యమధ్యన ముడులు. కానీ పేనుతున్నంతసేపూ కదలలేదు. ముందు జంబుకోడి వచ్చింది. తర్వాత నీటికాకి. ఆ తర్వాత పెద్ద రెక్కల నీడ నీళ్ళ మీద పడి, తల్లి పక్షి గూటి మీద దిగింది. జమ్ము కాడల మధ్య నుంచి పిల్ల తల పైకెత్తింది.

రాజు చేతిలో తాడు ఆగిపోయింది. పిల్ల గూటి అంచుకు వచ్చింది. రెక్కలు కొట్టుకుంది. పాదాలు బెత్తెడు లేచాయి. వెనక్కి పడింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పడింది. లేచినప్పుడల్లా రాజు తనకు తెలియకుండానే మెడ సాచాడు.

"ఎప్పుడెగురుతుంది?" అన్నాడు మెల్లగా.

"దానికి చేతనైనప్పుడు, ప్రభూ."

"నీ పిల్లలు దోనె కింద పడుకుంటున్నారట. ఇన్నాళ్ళు ఇక్కడ ఎలా కూర్చున్నావమ్మా?"

"కూర్చోలేకే చస్తున్నాను ప్రభూ. ఎగిరిపోయిందన్న మాట రోజూ నాలుక చివరిదాకా వస్తోంది."

"మరి అనలేదేం?"

నూకాలు రాజు వైపు వింతగా చూసింది. "ఎగరలేదు కదా!"

రాజు మళ్ళీ తాడు అందుకున్నాడు. పొద్దు వాలాక బురద బట్టలతో నడిచి కోటకు వెళ్ళాడు. చీకటి పడ్డాక పడమటి మబ్బు విరిగి జోరున వాన పడింది. నూకాలు పరుగు పరుగున ఇల్లు చేరేసరికి, రాకుమారి పెళ్ళికని కోటలో దాచిన పట్టు డేరా ఆమె మొండి గోడల మీద పరిచి ఉంది. దాని కింద పిల్లలిద్దరూ పొడిగా, హాయిగా నిద్రపోతున్నారు. నూకాలు అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమెను కూర్చుని ఉండగా ఊరు చూడడం అదే మొదటిసారి.

ఇంకొన్నాళ్ళకు, ఎండ బాగా వచ్చిన ఒక ఉదయం, పిల్ల గూటి అంచున నిలబడింది. రెక్కలు కొట్టుకుంది. ఈసారి పడలేదు. జమ్ము మీదుగా, నది మీదుగా, తల్లి వెనకే వంకరటింకరగా ఎగిరిపోయింది.

నూకాలు గట్టు మీద పరిగెత్తింది. ఆ పరుగు చూసి తీరాలి! "ఎగిరింది! ఎగిరిందర్రా!" అని ఆమె అరుస్తుంటే, వెళ్ళి చూసొద్దామని ఒక్కరూ అనలేదు. కోటప్పే అందరికంటే ముందు కొడవలి పట్టుకుని దిగాడు.

కట్టుబాటు ప్రకారం మొదటి మోపు చూపరి ఇంటికి వెళ్ళింది. రాకుమారి పెళ్ళి పందిరి ముహూర్తం వేళకు సగమే కప్పారు. మిగతా సగం ఆకాశమే కప్పు. రాజు చిన్నబుచ్చుకోలేదు సరికదా, తలంబ్రాల మధ్యలో తలెత్తి మూడుసార్లు పైకి చూశాడు, ఏదైనా పక్షి పోతుందేమోనని.

ఇక నూకాలు ఇంటి కప్పు ఎన్నో గాలులకు ఆగింది. కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పును మాత్రం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, ముడులు ముడులుగా ఉన్న తాడుతో కట్టారు. అది ఎవరు పేనారని పిల్లలు అడిగితే, "మీలాగే కుదురు లేని ఒక పెద్దమనిషి" అనేది నూకాలు.

కనుక పిల్లలూ, అవసరం తమదే అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళ మాటనే, అవసరం వచ్చినప్పుడు ఊరంతా చూడకుండానే నమ్ముతుంది.