మూటగట్టిన కోయిల పాట

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఒక కంప్యూటర్ ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది. తురాయి అనే ఉడుత దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది.

అందులో, కన్నుమూసిన కోయిల తాత పాటలు ఉన్నాయి. కోయిల పిల్లలు కాకి గూట్లో పెరుగుతాయి కదా, అక్కడ వాటికి పాట నేర్పేదెవరు? ఆ పాటలే దిక్కు.

ఒకనాడు కంప్యూటర్ నిండిపోయింది. పాటల ఫైళ్లన్నీ చిన్న మూటగా కట్టి, అసలువి చెరిపేస్తే తప్ప చోటు లేదు. మూటగట్టే సాధనం ఏది మంచిదా అని తురాయి అడవంతా వాకబు చేసింది.

నక్క తన సాధనం తెచ్చి, ఇది ఏనుగునైనా ఆవగింజంత చేస్తుందని గొప్పలు పోయింది. నెమలి తెచ్చినదానికి ఒళ్లంతా రంగులే. తాబేలు తెచ్చినది సాదాగా ఉంది, పైగా నిదానం.

తురాయికి నక్కదే నచ్చింది. ఎందుకు నచ్చదు? పాటలన్నీ చిటికెలో గింజంత మూటయ్యాయి. మురిసిపోయి అసలు పాటలు చెరిపేయబోయింది. అంతలో, గింజలు దాచడం నేర్పేటప్పుడు అమ్మమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది: "దాచగానే సరికాదే, ఒకటి తవ్వి చూసుకో."

మూట విప్పి చూసింది. పాట సగంలో తెగి గరగరమంది. పైన పటారం, లోన లొటారం.

"ఇదేంటి నక్క మామా?" అని అడిగింది.

"కట్టమన్నావు, కట్టాను. విప్పే సంగతి నువ్వు అడగలేదుగా" అంది నక్క.

కుందేలు దగ్గర కూడా ఒక కంప్యూటర్ ఉండేది. నెమలి కట్టిన మూటను అందులో విప్పబోతే తెరుచుకోలేదు. అది నెమలి సాధనం ఉన్నచోటే తెరుచుకుంటుందట. ఆ మాట కూడా నెమలి గొప్పగానే చెప్పింది.

ఇక తాబేలు వంతు. మూట కాస్త లావుగానే వచ్చింది. కానీ ఇక్కడ విప్పినా, కుందేలు దగ్గర విప్పినా పాట చివరిదాకా వచ్చింది. మధ్యలో తాత ఖళ్లుమని దగ్గిన దగ్గు కూడా ఉన్నదున్నట్టు వినిపించింది. తురాయికి కళ్లు చెమర్చాయి.

"తాబేలు తాతా, నాకు నీదే కావాలి" అంది. అప్పుడుగానీ అసలు పాటలు చెరపలేదు.

మళ్లీ మామిళ్లు పూతకొచ్చాయి. కాకి గూళ్ల నుంచి ఎగిరొచ్చిన కోయిల పిల్లలు ఆ పాట విని నేర్చుకున్నాయి. ఇప్పటికీ ఆ అడవి కోయిలలు పాట మధ్యలో ఒక్కసారి చిన్నగా దగ్గుతాయి.

నీతి: మూట ఎంత చిన్నదని కాదు, విప్పితే పెట్టిందంతా దొరుకుతుందా అని చూడాలి. చూశాకే అసలుది వదులుకోవాలి.