తవిటమ్మ బెల్లం

ఇది ఎప్పటి మాటో నన్నడగొద్దు. మా ముత్తవ్వ పుట్టకముందు మాట. ఊఁ కొడుతూ వినండి. నిద్రపోయారంటే మధ్యలో ఆపేస్తాను.

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో తవిటమ్మ అనే ముసలామె ఉండేది. పసిపిల్లలకు నూనె రాసి, చాపుకున్న కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం ఆవిడ పని. పిల్లలు కెవ్వుమనేవారు. ఆవిడ అంతకంటే గట్టిగా పాడేది. గొంతు ఏమంత బాగుండేది కాదులెండి.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. బిడ్డ బోర్లా పడితే ఇంటింటికీ బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఎవరి బిడ్డ ఎంత ఎదిగిందో ఊరికి నోటితోనే తెలిసేది.

సన్యాసమ్మ ఇంటి నుంచి మాత్రం ఏమీ రాలేదు. ఆమె కూతురు పైడి. తోటి పిల్లలు గడపలు దాటేస్తుంటే పైడికి మెడ కూడా నిలవలేదు.

"బొబ్బట్లెప్పుడే?" అని ఏటికాడ అడిగారు. నూతికాడ అడిగారు. సంతలోనూ అడిగారు. సన్యాసమ్మ సిగ్గుతో చితికిపోయి, పిల్లను చీర ఉయ్యాలలో వేసి చీకటిగదిలో దాచేసింది. దిష్టి తగులుతుందని పైకి చెప్పేది. నా బిడ్డ ఎప్పటికీ నేలమీద నిలబడదేమోనని లోపల ఏడ్చేది.

తవిటమ్మ వచ్చి ఉయ్యాలలో పిల్లను చూసింది. "గుంటని దించు" అంది.

సన్యాసమ్మ అత్త అడ్డొచ్చింది. "కాలమొస్తే అదే నడుత్తాది. దాని అయ్యా ఆలీసంగానే నడిసినాడు."

"నడిత్తే మంచిదే వదినా. ఈలోగా మనమూ ఓ సెయ్యేత్తే పోయేదేటి? ఉయ్యాల్లో ఉన్న గుంటకి నేల ఎలా తెలుత్తాది?"

చాప పరిచి పిల్లను బోర్లా వేసింది. తనూ ఎదురుగా బోర్లా పడుకుంది, అంత ముసలామె! గిలక్కాయ ఊపింది. పైడి ఏడ్చింది. ఎత్తుకుని ఊరుకోబెట్టి, మళ్ళీ వేసింది. నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళాడించమని, ఉగ్గు పెట్టేటప్పుడు మొహంలో మొహం పెట్టి మాట్లాడమని సన్యాసమ్మకు నేర్పింది. రోజూ వచ్చి ఒకటే అడిగేది.

"ఇయాల కొత్తగా ఏటి సేసింది?"

"ఏటీ నేదత్తా."

"సరిగ్గా సూడు."

సన్యాసమ్మ సరిగ్గా చూడడం మొదలుపెట్టింది. ఒకరోజు తనే తవిటమ్మకు ఎదురొచ్చింది. "అత్తా! గిలక ఇటూపితే ఇటు సూసింది!"

తవిటమ్మ కొంగున బెల్లం కట్టుకుని ఇంటింటికీ పంచింది. "పైడి గిలకేపు సూసింది" అని చెప్పింది. ఊరు నవ్వింది. పైడి తల ఎత్తింది. మళ్ళీ బెల్లం. ఊరు ఇంకా నవ్వింది. పైడి పిడికిలి విప్పి అమ్మ ముక్కు పట్టుకుంది. మళ్ళీ బెల్లం. ఈసారి ఎవరూ నవ్వలేదు. "గట్టిగా పట్టిందేటి?" అని అడిగారు.

సన్యాసమ్మ చాప తెచ్చి వీధి అరుగుమీద పరిచింది. అప్పుడు చూడాలి! "మా గుంటడూ పలకట్లేదు" అని ఒకామె వచ్చింది. "మాదీ కూకోట్లేదు" అని ఇంకొకామె వచ్చింది. ఒకావిడైతే ఊరి నోటికి జడిసి, బిడ్డ బోర్లా పడకుండానే ఎప్పుడో బొబ్బట్లు పంచేసిందట! అరుగు చాలక తవిటమ్మ వీధిలోనే చాపలు వేయించింది.

పైడి నడిచింది. చాలా ఆలస్యంగా, ఒక పాదం ఈడుస్తూ, అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. అరిసెలు ఊరంతా తిన్నది.

కొన్నాళ్ళకు తవిటమ్మ పోయింది. ఆ సాయంత్రం పైడి ఒళ్ళో బెల్లం పోసుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగింది.

"సావింటికాడ్నించి బెల్లమేటే?" అని కసిరారు.

"మామ్మ ఇంటికాడ్నించి ఇక్కడిదాకా ఎవరి సెయ్యీ పట్టుకోకుండా వచ్చినాను. మామ్మ ఉంటే పంచీది కదా" అంది పైడి.

ఆ బెల్లం నోట్లో పెట్టుకుని ఊరు ఊరంతా ఏడ్చింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో బొబ్బట్ల కంటే ముందు బెల్లం పంచుతారు. దాన్ని తవిటమ్మ బెల్లమనే అంటారు. బిడ్డ వెనకబడిందని అనుమానమొస్తే దాచరు. ఆరోజే చాప వేసి, ఎదురుగా తామూ బోర్లా పడుకుంటారు. ఇంకా నడవలేదా అని ఎవరూ అడగరు. ఇయాల కొత్తగా ఏటి సేసింది అని అడుగుతారు.

సరే, ఊఁ కొట్టినవాళ్ళు చేతులు చాపండి. నిద్రపోయి ఇప్పుడే లేచినవాళ్ళూ చాపండి. ఆలస్యంగా లేచినవాళ్ళకూ ఉంది బెల్లం.