వాయనం పుచ్చుకున్న వాషింగ్ మెషీను

అనగనగా ఒక ఊళ్ళో, ఒక వీధి చివరింట్లో మాణిక్యాంబ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి పిల్లల్లేరు. కానీ ఆవిడ పెట్టెలో వాళ్ళమ్మ కట్టిన పాత నూలు చీర ఒకటుండేది. మీగడలా మెత్తన. ఆ వీధిలో ఏ బిడ్డ పుట్టినా, మొదటిసారి ఉయ్యాల్లో వేసేది ఆ చీరలోనే. ఎత్తి పడుకోబెట్టేది కూడా మాణిక్యాంబే.

ఒక శ్రావణ మాసంలో పక్కింటి వకుళ పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. దీపాలు పెట్టే వేళకి ఉయ్యాల వేడుక. మధ్యాహ్నం మాణిక్యాంబ ఆ చీర తీసి వాషింగ్ మెషీన్లో వేసింది. ఎలాగూ తిప్పుతున్నాను కదా అని, ముందురోజు పేరంటానికి కట్టుకెళ్ళిన చీర కూడా చుట్టచుట్టి పడేసింది.

మెషీను తిరిగింది, తిరిగింది, ఆగింది. తలుపు మాత్రం రాలేదు.

అప్పుడు మాణిక్యాంబ పిడి పట్టుకుని లాగింది. రాలేదు. ఆ తర్వాత బతిమాలింది. "నా తల్లివి కదూ, ఇవాళ ఒక్కరోజు మాట వినవే." వినలేదు.

అప్పుడు వాళ్ళాయన పాపయ్య వచ్చాడు. స్విచ్చి కట్టేసి, కాసేపాగి మళ్ళీ వేశాడు. ఊహూఁ.

"ఉండు, స్క్రూడ్రైవరు తెస్తా. ఊడదీస్తే అదే వస్తుంది."

"కిందటిసారి మిక్సీ ఊడదీశారు. ఇప్పటికీ రోట్లోనే రుబ్బుతున్నాను."

పాపయ్య వెళ్ళి గుమ్మంలో కూచున్నాడు.

బయట ఎండ వాలుతోంది. ఇన్నాళ్ళూ ఏ బిడ్డకీ తప్పని చీర ఈ బిడ్డకి తప్పిపోతుందేమోనని మాణిక్యాంబకి కళ్ళనీళ్ళొచ్చాయి. "పాపిష్టి మెషీను" అని దాని అద్దం మీద ఒక్కటి చరిచింది.

ఆ తర్వాత, బిడ్డని తన తల్లి చేతికిచ్చి వకుళ వచ్చింది. ఆ పిల్ల లాగనూ లేదు, తిట్టనూ లేదు. కింద కూచుని అద్దంలోంచి లోపలికి చూసింది.

"పిన్నీ, ఇందులో నీళ్ళు నిలిచిపోయాయి. తలుపు తీస్తే మీ ఇల్లంతా మడుగైపోదూ? అందుకే తియ్యట్లేదు."

మాణిక్యాంబ ఇందాక చరిచిన చోటే మెల్లిగా చెయ్యి పెట్టింది. అద్దం చల్లగా ఉంది. 'అయ్యో, ఇది మొండికెయ్యలేదు, మా ఇల్లు కాస్తోంది' అనుకుంది.

అప్పుడు ముందు ప్లగ్గు తీసేశారు. ఆ తర్వాత మెషీను అడుగునున్న చిన్న మూత తెరిచి, పళ్ళెం పెట్టి, లోపలి బిరడా కొద్దికొద్దిగా తిప్పారు. నీళ్ళు జరజరా వచ్చాయి. పళ్ళెం నిండినప్పుడల్లా పాపయ్య పారబోసి వచ్చాడు. నీళ్ళన్నీ పోయాక బిరడా పైకి లాగారు. దాని జల్లెడ నిండా ఏమున్నాయనుకున్నావు బుజ్జీ? శనగలు. ఉబ్బిపోయిన శనగలు.

పేరంటానికి సంచీ మర్చిపోయి, వాయనం శనగలు కొంగున ముడేసుకొచ్చిందా, ఆ ముడి విప్పడం కూడా మర్చిపోయింది మాణిక్యాంబ. మెషీను తిప్పుడికి ముడి ఊడి, అవి నీళ్ళు పోయే దారికి అడ్డం పడ్డాయి.

"నీకొచ్చిన వాయనం దీనికిచ్చేశావన్నమాట" అన్నాడు పాపయ్య. వకుళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జల్లెడ కడిగి, బిరడా గట్టిగా బిగించి, ప్లగ్గు పెట్టి, బట్టల్లో మిగిలిన నీళ్ళు పోయే మీట నొక్కారు. కాసేపు ఓపిగ్గా కూచున్నారు. టక్ మంది. తలుపు దానంతటదే వదులైంది.

చీర ఫ్యాను కింద ఆరింది. దీపాల వేళకి మాణిక్యాంబ బిడ్డని ఎత్తి అందులో పడుకోబెట్టింది.

"నన్నూ ఇందులోనే వేశావట కదా పిన్నీ."

"వేస్తే ఊరుకున్నావా? ఇల్లెగిరిపోయేలా ఏడ్చావు. నీ కూతురే నయం" అంది మాణిక్యాంబ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఇంటికొచ్చి మెషీనుకి ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. గుప్పెడు శనగలు ఆకులో పెట్టి, ఈసారి దాని నెత్తిన ఉంచింది.

"ఇస్తినమ్మ వాయనం" అంది, మెల్లిగా.

శనగలు ఆకుకి, చీర ఉయ్యాలకి,
కథేమో కంచికి, మనమేమో నిద్దరకి.