గానుగ దగ్గర గంట తాడు

కొండ దిగువన, చెరుకు తోటల పక్కన, అడవి జంతువులన్నీ కలిసి బెల్లం వండుతుండేవి. ఎద్దు అప్పలస్వామి గానుగ తిప్పేవాడు. గాడిద నూకాలు పొయ్యి ముందు కూర్చుని ఎండిన చెరుకు పిప్పిని మంటలోకి ఎగదోసేది. ఆ పొయ్యి మీద పెద్ద పెనంలో రసం కాచి పాకం పట్టే పని ఎలుగుబంటి పైడయ్యది. చూడ్డానికి పైడయ్య కొండంత ఉంటాడు గానీ ఎవరైనా గట్టిగా కేకేస్తే చాలు, చేతిలో తెడ్డు జారిపోయేది.

వీళ్ళ మీద మేస్త్రీ నక్క ప్రకాశం. అందరికీ యజమాని ఏనుగు దేముడునాయుడు.

ఆ చలికాలం ఎక్కడెక్కడో తిరిగొచ్చిన వలస కొంగ ఒకామె పొయ్యి వెచ్చదనానికి అక్కడ వాలి కబుర్లు మొదలెట్టింది.

"జపాన్‌లో ఓ కార్ల ఫ్యాక్టరీ కప్పు మీద కొన్నాళ్ళు ఉన్నాను నాయుడుగారూ. అక్కడ పనివాళ్ళ నెత్తి మీద తాడు వేలాడుతుంటుంది. తేడా కనబడితే ఎవరైనా సరే లాగొచ్చు. పని ఆగిపోతుంది."

"ఆపినోణ్ణి తంతారా?" అన్నాడు పైడయ్య భయంగా.

"ఎందుకు తంతారయ్యా? పైవాడు పరుగున వచ్చి ముందు మెచ్చుకుంటాడు. తర్వాత 'ఎందుకిలా అయింది?' అంటాడు. జవాబు చెబితే, 'అది మాత్రం ఎందుకైంది?' అంటాడు. అసలు కారణం దొరికేదాకా వదలడు."

నాయుడికి ఈ మాట తెగ నచ్చేసింది. మర్నాడే పెనం పక్కన తాడు కట్టి, పైన గంట వేలాడదీయించాడు.

నక్కకి మాత్రం ఒళ్ళు మండింది. గంట మోగిందంటే మేస్త్రీకి పని చేయించడం రాదని నాయుడు అనుకోడూ? అందుకని ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి చెవిలో ఊదాడు.

"పైడయ్యా, నీ మంచికోరి చెబుతున్నా. ఆ తాడు ఉత్త వల. లాగినోణ్ణి మర్నాడే పనిలోంచి తీసేస్తారు."

ఇంకెవరు ముట్టుకుంటారు? పాకం మాడినా, రసంలో మట్టి పడినా అందరూ నోరు మూసుకున్నారు. "చూశారా దొరా! గంట మోగలేదంటే మన దగ్గర తప్పే లేదన్నమాట," అని నక్క మీసం దువ్వేవాడు. నాయుడు సంతోషంగా తొండం ఊపేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పాకం కుతకుతా ఉడుకుతోంది. తెడ్డు తిప్పుతున్న పైడయ్యకి పాకం ఒక పక్కకి ఒరుగుతున్నట్టు అనిపించింది. వంగి చూశాడు. పొయ్యి గోడ కుంగుతోంది. పెనం ఒరిగే వైపే నూకాలు కూర్చుని, పాట పాడుకుంటూ పిప్పి ఎగదోస్తోంది.

పైడయ్య తాడు వంక చూశాడు. లాగితే పని పోతుంది. లాగకపోతే నూకాలు పోతుంది.

"పోతే పోయింది వెధవ పని!" అని రెండు చేతులతో తాడు పట్టుకుని వేలాడేశాడు.

గంట ఖంగున మోగింది. అప్పలస్వామి టక్కున ఆగిపోయాడు. నూకాలు ఉలిక్కిపడి లేచి ఇవతలికి దూకింది. అంతలోనే గోడ కూలి, కాలే పాకం ఆమె కూర్చున్న చోట భళ్ళున ఒలికింది.

నక్క ఒళ్ళంతా దుమ్ముతో ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. "ఎవడ్రా లాగింది? పాకమంతా నేలపాలు చేశావు కదరా ఎలుగూ! దొరగారూ, కొంగమ్మ చెప్పినట్టే అడగండి. ఎందుకైందో అడుగుతూనే ఉండండి. తప్పంతా వీడి మెడకే చుట్టుకుంటుంది!"

"సరే," అన్నాడు నాయుడు. "పాకం ఎందుకు ఒలికింది?"

"పెనం ఒరిగిందండి," అన్నాడు పైడయ్య.

"ఎందుకు ఒరిగింది?"

"గోడ కూలిందండి."

"అడగండి దొరా, ఆపకండి!" అని నక్క ఎగిరాడు.

"గోడ ఎందుకు కూలింది?"

అప్పలస్వామి కొమ్ముతో ఇటుకలు తొలగించాడు. "కింద నేల డొల్లగా ఉందండి."

"ఎందుకు డొల్లయింది?"

ఈసారి నక్క గబగబా అడ్డొచ్చాడు. "ఇక చాల్లెండి దొరా, ఎండ ముదురుతోంది..."

నూకాలు అప్పటికే తల దూర్చి చూసింది. "ఎవరో బొరియ తవ్వారు బాబూ! లోపల వెచ్చగా, మెత్తగా గడ్డి పరుపు కూడా ఉంది. పరుపు నిండా ఎర్రటి బొచ్చు!"

అందరూ దుమ్ము కొట్టుకుపోయిన నక్క తోక వంక చూశారు. నక్క ఆ తోకని వెనక్కి దాచుకున్నాడు.

"అన్నం తిన్నాక కాస్త నడుం వాలుద్దామని..." అని నసిగాడు.

ముందుగా కొంగమ్మ కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత నాయుడి నవ్వుకి చెరుకు తోటలు ఊగాయి. నవ్వీ నవ్వీ ఆయన పైడయ్య దగ్గరకొచ్చి భుజం మీద తొండం వేశాడు.

"మంచిపని చేశావు పైడయ్యా. పాకం రేపైనా వండుకోవచ్చు, నూకాల్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం? ఇన్నాళ్ళూ గంట ఎందుకు మోగలేదని అడక్కుండా మురిసిపోయాను చూడు, అది నా తప్పు."

పైడయ్యకి కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్ద ఒళ్ళూ గాల్లో తేలినట్టనిపించింది.

నక్కని నాయుడు తీసెయ్యలేదు. బొరియ పూడ్పించి, గోడ కట్టించి, మెత్తగా ఒక ఆజ్ఞ వేశాడు. గంట ఎప్పుడు మోగినా అందరికంటే ముందు మేస్త్రీయే పరుగెత్తాలి. లాగినవాళ్ళకి దణ్ణం పెట్టి "మీ మేలు మర్చిపోను" అనాలి.

మర్నాడు తెల్లారగానే గంట మోగింది. రసంలో చీమ పడిందని పైడయ్య లాగాడు. నక్క రొప్పుతూ వచ్చి పళ్ళు నూరుకుంటూ దణ్ణం పెట్టాడు. అతను తిరిగెళ్ళి కూర్చున్నాడో లేదో నూకాలు లాగింది. తర్వాత అప్పలస్వామి. ఆ ఏడు వండిన బెల్లం బంగారంలా మెరిసింది, నక్క పొట్ట మాత్రం పరుగుల్లో కరిగి వీపుకి అంటుకుంది.

తప్పు చూపించినవాణ్ణి తిట్టే చోట తప్పులు తగ్గవు, దాక్కుంటాయి.